మంచు అనే ఒక్క మాట

మార్గశిర, పుష్య మాసాలలో మదనపల్లె మీద తెల్లవారుజామున మంచు దిగుతుంది. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉన్న ఊరది. పుంగనూరు వైపు పోయే బస్సులు దీపాలు వెలిగించుకొని మెల్లగా సాగుతవి. పూర్వులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకొన్న హార్సిలీ కొండ ప్రొద్దెక్కేవరకు కంటికి ఆనదు. పొలం గట్ల మీది గరికపోచల కొసలకు నీటిబొట్లు వేలాడుతుంటవి. "ఈ పొద్దు మంచు బాగా పడినాది" అని రైతులు చెప్పుకొంటారు. ఆ మాటలో చలి ఉన్నది గాని భయం లేదు. ఎండ వస్తే పోయేదానికి భయమెందుకు?

తెలుగువారికి మంచుతో ఉన్న పరిచయం ఇంతే. గాలిలో తేలే తెల్లని పొగ మంచు. ఆకు మీది నీటిచుక్క మంచు. హిమాలయ శిఖరం మీద ఏళ్ళ తరబడి పేరుకొన్నదీ మంచే. సంస్కృతం వైపు తిరిగినా ఫలితం ఇంచుమించు ఒకటే. హిమము, తుహినము, తుషారము, నీహారము, ప్రాలేయము అనే మాటలను అమరసింహుడు పర్యాయపదాలుగా ఒకే వరుసన కూర్చినాడు. కవులు గణాలకు కుదిరిన మాటను గ్రహించినారు గాని, ఒకటి పొగకు, ఒకటి గడ్డకు అని కచ్చితంగా విడదీసి వాడిన జాడ లేదు. నేటి పత్రికల భాషలోను ఈ చిక్కు ఉన్నది. ఆకాశం నుండి దూదిపింజల వలె మంచు రాలినా 'హిమపాతం' అంటారు. కొండచరియ నుండి వేల టన్నుల మంచు విరిగి మనుష్యులను కప్పివేసినా 'హిమపాతం' అనే వ్రాస్తారు. మొదటిది చూడ ముచ్చటైన వేడుక. రెండవది మృత్యువు. ఈ వ్యాసంలో రెండవదానిని మంచుచరియ అని పేర్కొనడం జరుగుతున్నది.

మాటలోని ఈ లోటు నిఘంటుకారులకే పరిమితమైన విషయమైతే ఇంత చర్చ అక్కరలేదు. కాని రాయలసీమ పల్లెల నుండి సైన్యంలో చేరిన యువకులు సియాచిన్ వంటి చోట్ల కాపలా కాస్తున్నారు. తెలుగు గురుకుల పాఠశాలల విద్యార్థులు ఎవరెస్టు ఎక్కినారు. ట్రెక్కింగు అని పిలుచుకొనే పర్వతయాత్రలకు కళాశాలల పిల్లలు ఉత్తరాఖండ్, హిమాచల ప్రదేశాలకు నడిశీతకాలంలో గుంపులుగా వెళ్తున్నారు. మంచు అంటే గరికపోచ మీది చుక్క అని మాత్రమే తెలిసినవారు, ఆ మాటకు మరొక అర్థం ఉన్న చోట కాలు పెడుతున్నారు.

ప్రవరుని పాదలేపం

తెలుగు సాహిత్యంలో హిమవంతుని దర్శించిన యాత్రికులలో అందరికీ తెలిసినవాడు ప్రవరుడు. 16వ శతాబ్దిలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో, అరుణాస్పదపురవాసి అయిన ఆ బ్రాహ్మణ యువకుడు ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకొని, క్షణంలో హిమాలయానికి చేరినాడు. కొండ సొగసులు చూస్తూ తిరిగినాడు. మధ్యాహ్నమైన పిమ్మట ఇల్లు జ్ఞాపకం వచ్చినది. అప్పటికి ఎండకు కరిగిన మంచునీటిలో పాదలేపం కొట్టుకొనిపోయినది. ఇక ఇంటికి పోవు దారి లేదు.

తరగతి గదులలో ఈ ఘట్టాన్ని వరూధినీ ప్రవరుల సంవాదానికి పీఠికగా చెప్పి ముందుకు సాగుతారు. పర్వతయాత్రికుని కన్నుతో చదివితే ఇందులో మరొక పాఠం ఉన్నది. ప్రవరుడు తాను ఎరుగని నేలమీదికి ఒంటరిగా పోయినాడు. తిరిగివచ్చే సాధనం ఒక్కటే ఉంచుకొన్నాడు. అన్నిటికంటె ముఖ్యం, మధ్యాహ్నపు ఎండ మంచును ఏమి చేస్తుందో తలచుకోలేదు. మంచుకొండలలో తిరిగే అనుభవజ్ఞులు నేటికీ తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే ప్రమాదకరమైన వాలులను దాటిపోతారు. ఉదయం రాయి వలె బిగుసుకొని ఉన్న మంచు మధ్యాహ్నానికి నీరు త్రాగి బరువెక్కి, పట్టు సడలి జారుతుంది. పెద్దన కథలో కరగినది పసరు. వాస్తవంలో కాళ్ళ క్రింది నేలయే కరగవచ్చును.

కురిసిన తరువాత కథ

మేఘంలోని నీటియావిరి గడ్డకట్టి ఆరు కోణాల స్ఫటికమై నేలకు రాలుతుంది. 1936లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకయ ప్రయోగశాలలో తొలిసారిగా కృత్రిమ హిమస్ఫటికాన్ని తయారుచేసి, వేడిమి, తేమలను బట్టి దాని ఆకారం మారుతుందని చూపినాడు. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. మంచుచరియల కథ స్ఫటికం నేలను తాకిన తరువాత మొదలవుతుంది.

అప్పుడే కురిసిన పొడిమంచులో తొమ్మిది వంతులు గాలి, ఒక వంతు మాత్రమే నీరు. పది సెంటీమీటర్ల మంచు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరవుతుంది. రోజులు గడిచినకొద్దీ స్ఫటికాల కొనలు అరిగి, రేణువులు గుండ్రనై, ఒకదానినొకటి అంటుకొని గట్టిపడతవి. గాలి వీచినచో కథ మరొక రకంగా నడుస్తుంది. గాలి ఒక వైపు వాలు మీది మంచును ఎత్తి, స్ఫటికాలను నుసి చేసి, శిఖరం ఆవలి వాలు మీద దట్టంగా పోస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, ఒక్క రేకైనా రాలకపోయినా, ఆవలి వాలు మీద గంటల వ్యవధిలో కొత్త బరువు చేరుతుంది. ఈ విధంగా శీతకాలం పొడుగునా మంచు పొరలు పొరలుగా పేరుతుంది. ఒక్కొక్క పొర ఒక్కొక్క తుపానుకు, ఒక్కొక్క ఎండకు, ఒక్కొక్క గాలికి గుర్తు.

ఈ పొరలలో అపాయకరమైనది చాలసార్లు అడుగున ఉంటుంది. నేల వేడిమి మంచు క్రింద సుమారు సున్న డిగ్రీల వద్ద నిలుస్తుంది. పైన గాలి సున్నకు 20 డిగ్రీలు దిగువన ఉన్నదనుకొందాము. మంచు రెండు మీటర్ల మందం ఉంటే ప్రతి పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ చొప్పున భేదం వస్తుంది. అర మీటరు మాత్రమే ఉంటే అదే భేదం పది సెంటీమీటర్లకు నాలుగు డిగ్రీలవుతుంది. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ దాటినప్పుడు, క్రింది పొరలనుండి ఆవిరి వేగంగా పైకి ప్రాకి, రేణువుల మధ్య అంటును తెంపి, వాటిని పలకలు తేరిన పెద్ద గింజలుగా మారుస్తుంది. చేతిలోకి తీసుకొంటే చక్కెర వలె జలజల రాలుతుంది. ముద్ద చేయబోతే ముద్ద కాదు. మంచు పలుచగా పడిన ఏడు భయం తక్కువని మైదానపువాడు అనుకొంటాడు. చలి దేశాలలో పలుచని మంచే ఈ చక్కెర పొరను త్వరగా పెంచుతుంది. ఆ పైన పెద్ద తుపాను ఒకటి వచ్చి గట్టి మంచును మోపితే, పునాది లేని మిద్దె కట్టినట్లే.

మరొక పొర చూపుకు అందమైనది. నిర్మలమైన చలి రాత్రులలో మంచు ఉపరితలం మీద ఈకల వంటి స్ఫటికాలు మొలుస్తవి. మదనపల్లె గరికపోచల మీది చుక్కకు ఇది దగ్గరి చుట్టం. ఉదయపు వెలుగులో రత్నాల వలె మెరుస్తుంది. దానిమీద కొత్త మంచు పడి కప్పివేస్తే, ఆ సన్నని ఈకల పొర వారాల తరబడి లోపల బలహీనమైన అతుకుగా నిలిచిపోతుంది. పైనుండి చూచేవానికి దాని జాడ తెలియదు.

పలక క్రింద రాగులు

మంచుచరియ విరగడం రెండు రకాలు. మొదటిది ఒక చుక్కవద్ద మొదలై, క్రిందికి పోయినకొద్దీ వెడల్పవుతూ, పొడిమంచు జారడం. రెండవది పలక విరగడం. పర్వతయాత్రికుల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ రెండవదే. దీనిని బోధపరచడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఇళ్ళలో కావలసిన సామగ్రి అంతా ఉన్నది.

ఒక చెక్కపీటను కొంచెం వాల్చి, దానిమీద గుప్పెడు రాగులు పరచి, ఆ పైన బడిపిల్లల పలకను ఉంచితే పలక నిలువదు. రాగులు తీసివేసి గోనెపట్ట పరచి పెడితే అదే పలక అదే వాలులో కదలక ఉంటుంది. పలక బరువు మారలేదు, వాలు మారలేదు. రెంటి నడుమ ఉన్న పొర మారినది. మరికొంచెం శ్రమపడగల ఉపాధ్యాయుడు, గరుకైన పీటమీద రాగిపిండి ఒక పొర అదిమి, ఆ పైన చక్కెర పలుచగా చల్లి, మరల పిండిని మందంగా పరచి అరచేతితో అదుమవచ్చును. పీటను ఒక అంచున మెల్లగా ఎత్తినకొద్దీ పైపొర అడ్డంగా చీలి, అంతా ఒక్కసారిగా జారే క్షణం వస్తుంది. వెనుక నిటారుగా తెగిన అంచు మిగులుతుంది. హిమాలయంలో చరియ విరిగిన చోట కనిపించే గోడ కూడ ఇటువంటిదే.

వాలు కోణం ఇందులో ప్రధానం. చెనిక్కాయలు రాశి పోస్తే రాశి ఒక హద్దు దాటి నిటారుగా నిలువదు. పైన పోసినవి ప్రక్కలకు జారుతవి. మంచుకు కూడ హద్దులున్నవి. పలకచరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల మధ్య వాలులలో విరుగుతవి. అందులోను 38 డిగ్రీల చుట్టుపట్ల అధికం. అంతకంటె చాల నిటారైన చోట మంచు పేరుకొనకముందే రాలిపోతుంది. 25 డిగ్రీలకు తక్కువైన చోట పలక జారడం అరుదు. విచిత్రమేమంటే నడవడానికి, జారుడుబల్లలతో ఆడడానికి మనుష్యులకు మిక్కిలి ఇంపైన వాలులు కూడ ఇవే. విద్యార్థి పెట్టెలోని కోణమానినికి దారం కట్టి చిన్న రాయి వేలాడదీస్తే వాలును కొలిచే పరికరం సిద్ధమవుతుంది. దానితో ఊరి చుట్టుపట్ల బండల వాలును కొలిచి చూచిన పిల్లవానికి 35 డిగ్రీలంటే ఎంత నిటారో జన్మలో మరవదు. కంటి అంచనా ఈ విషయంలో తరచుగా మోసగిస్తుంది.

బరువు ఎంత? ఏభై మీటర్ల పొడవు, ఏభై మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న చిన్న పలకను తీసుకొందాము. ఘనమీటరుకు 200 కిలోగ్రాముల చొప్పున లెక్క కడితే 250 టన్నులు తేలుతుంది. పది టన్నులు మోసే లారీలు ఇరవై ఐదు నిండుతవి. మంచుకొండలలో ఇది పెద్ద చరియ కాదు. పొడిమంచు పలక విరిగిన కొన్ని క్షణాలలోనే గంటకు నూరు కిలోమీటర్లకు పైబడిన వేగం అందుకొంటుంది. పరుగెత్తి తప్పించుకొనడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

అయితే ఆ పలకను కదిలించేది ఎవరు? పెద్ద శబ్దం చేస్తే చరియలు పడతవని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. మనిషి గొంతుకు అంత బలం లేదు. మనిషి బరువుకు ఉన్నది. మంచుచరియలలో చిక్కుకొన్న యాత్రికుల ప్రమాదాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, పదింట తొమ్మిది ప్రమాదాలలో చరియను విరిచినది చిక్కుకొన్నవారో, వారి జతగాళ్ళో అని తేల్చినారు. ఒక్కొక్క అడుగు క్రింది బలహీనపు పొరమీద మోపే ఒత్తిడి చాలు; అక్కడ పుట్టిన పగులు క్షణంలో వాలంతా ప్రాకుతుంది. ప్రమాదం తమ అడుగు వెంటనే ఉన్నదని తెలియడం దుఃఖకరమే గాని, అందులోనే ఆశ కూడ ఉన్నది. తాము తేగల అపాయాన్ని తాము తప్పించవచ్చును గదా.

1922, జూన్ 7

ఈ సూత్రాలను చరిత్ర నిర్దయగా నిరూపించిన రోజులు ఉన్నవి. ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కడానికి 1922లో బ్రిటిషువారు టిబెట్టు వైపునుండి ప్రయత్నించినారు. జూన్ మొదటి వారంలో మంచు విస్తారంగా కురిసినది. తరువాత ఎండ కాసినది. జూన్ 7న మాలరీ, సామర్వెల్, క్రాఫర్డు అనే ముగ్గురు, బరువులు మోసే పదునలుగురు, త్రాళ్ళు కట్టుకొని ఉత్తరపు కనుమ వాలును ఎక్కసాగినారు. వారు అజాగ్రత్తగా ఉన్నవారు కారు. క్రింద ఒక నిటారు చోట మంచును త్రొక్కి పరీక్షించినారు. అది కదలలేదు. గట్టిదని నమ్మి పైకి పోయినారు. మధ్యాహ్నం దాటిన తరువాత పలక తెగినది. వెనుక త్రాళ్ళమీద ఉన్న తొమ్మండుగురు మంచుగోడ అంచు మీదుగా క్రిందికి కొట్టుకొనిపోయినారు. ఇద్దరిని ప్రాణాలతో త్రవ్వి తీసినారు. ఏడుగురు మరణించినారు. ఏడుగురూ బరువులు మోసేవారే; దారి నిర్ణయించినవారిలో ఒక్కరూ లేరు. మాలరీ తరువాత వ్రాసిన ఉత్తరాలలో ఆ నేరాన్ని తనమీదనే వేసుకొన్నాడు.

ఒక చోట గట్టిగా ఉన్న మంచు మరొక చోట గట్టిగా ఉండనక్కరలేదు. నూరు అడుగులు జరిగితే గాలి వేరు, పొర వేరు. ఆనాటి పర్వతారోహకులకు ఈ శాస్త్రం లేదు. శతాబ్దం గడిచిన తరువాత శాస్త్రం ఉన్నది, మరణాలు ఆగలేదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా అనే శిఖరం సమీపంలో, ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణార్థుల బృందం మీద చరియ విరిగిపడినది. 27 మందికి పైగా మరణించినారు. వారు దేశంలోని వివిధ రాష్ట్రాల నుండి విద్య నేర్వడానికి వచ్చిన యువతీయువకులు, వారికి నేర్పుతున్న గురువులు.

మనవారిమీద పడిన మంచు

2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద కుమార్ ఎవరెస్టు శిఖరం చేరినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఇరువురూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. భువనగిరి బండమీద మొదలైన వారి శిక్షణ డార్జిలింగు మీదుగా సాగి, టిబెట్టు వైపు దారిన శిఖరానికి చేరినది. తెలుగునాట పండుగ జరిగినది. అదే ఋతువులో, వారి విజయానికి అయిదు వారాల ముందు, ఏప్రిల్ 18న, అదే పర్వతం ఆవలి ప్రక్కన నేపాలు దారిలో, ఖుంబు హిమప్రవాహం మీద పెద్ద మంచుగడ్డ విరిగి 16 మంది నేపాలీ కార్మికులు మరణించినారు. ఈ రెండు వార్తలు ఒకే పర్వతానివి. రెండవది తెలియనిదే మొదటిదాని విలువ తెలియదు.

2016 ఫిబ్రవరి 3 నాటి వార్త మరింత దగ్గరిది. సియాచిన్ హిమానీనదంపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరం మీద మంచుగోడ కూలినది. అక్కడ ఉన్నవారు 10 మంది. మద్రాసు రెజిమెంటు 19వ దళానికి చెందినవారు, వారితో ఉన్న వైద్య సహాయకుడు. మంచు ఎరుగని దక్షిణ దేశపు పల్లెలలో పుట్టినవారే వారిలో ఎక్కువమంది. సిపాయి ముస్తాక్ అహమ్మదుది అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె. సిపాయి రామమూర్తిది కుప్పం సరిహద్దును ఆనుకొని ఉన్న కృష్ణగిరి జిల్లా. మిగిలినవారు కన్నడ, తమిళ, మలయాళ, మహారాష్ట్ర దేశాలవారు.

వెదకడానికి పోయినవారు రాతివలె బిగుసుకొన్న నీలిమంచును రంపాలతోను, రాయి తొలిచే యంత్రాలతోను కోయవలసి వచ్చినది. శిక్షణ పొందిన కుక్కలు వాసన పట్టినవి. ఆరవ రోజున, అనేక అడుగుల మంచు క్రింద, ధారవాడ జిల్లాకు చెందిన లాన్సు నాయకు హనుమంతప్ప కొప్పద ఊపిరితో దొరికినాడు. దేశమంతా ఆశతో చూచినది. ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఆయన కన్నుమూసినాడు. పదిమందిలో ఒక్కరూ మిగులలేదు.

1922లో విరిగినది కొత్త మంచు పలక. ఖుంబులోను, సియాచిన్‌లోను కూలినది ఏండ్ల నాటి గడ్డమంచు. మొదటి రకంలో యాత్రికుని అడుగు కారణమవుతుంది. దానిని విద్యతో కొంతవరకు తప్పించవచ్చును. రెండవ రకంలో మంచుగోడ తన కాలానికి తాను కూలుతుంది. దాని నీడన గడిపే సమయాన్ని తగ్గించుకొనడం తప్ప ఉపాయం లేదు. కాపలా కాసే సైనికునికి ఆ వెసులుబాటు కూడ తక్కువ. రెండింటికీ తెలుగులో మంచు అనే ఒక్క మాటే ఉన్నది.

హెచ్చరిక చదవడం

ఈ ప్రమాదాలను ముందుగా అంచనా వేయడానికి భారత ప్రభుత్వం 1969లో మనాలి కేంద్రంగా హిమ, మంచుచరియల అధ్యయన సంస్థను స్థాపించినది. రక్షణ పరిశోధన విభాగానికి చెందిన ఆ సంస్థ 2020లో మరొక ప్రయోగశాలతో కలిసి కొత్త పేరుతో చండీగఢు కేంద్రంగా పనిచేస్తున్నది. పర్వతాలమీద ఉన్న పరిశీలన కేంద్రాలనుండి మంచు మందం, గాలి, వేడిమి వివరాలు తెప్పించుకొని, కాశ్మీరు, లడఖ్, హిమాచల ప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతాలకు శీతకాలమంతా హెచ్చరికలు ప్రకటిస్తుంది.

ఐరోపా దేశాలు 1993లో అంగీకరించిన కొలతలో అపాయానికి ఐదు మెట్లున్నవి: తక్కువ, మితం, గణనీయం, అధికం, అత్యధికం. మూడవ మెట్టు నడిమిది కావున నడిమి భయం చాలునని అనుకొనడం పొరబాటు. ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడు అపాయం అనేక రెట్లు పెరుగుతుంది. ఆ దేశాలలో అత్యధిక మరణాలు మూడవ మెట్టు ప్రకటించిన దినాలలోనే జరుగుతున్నవి. ఐదవ మెట్టు నాడు ఎవరూ ఇల్లు కదలరు. మూడవ మెట్టు నాడు ఆకాశం తేటగా ఉంటుంది, కొత్త మంచు కనులపండువుగా ఉంటుంది. ఒక పలక మనిషి అడుగు కోసం కాచుకొని ఉంటుంది.

ప్రకటన లేని చోట కొండయే సంకేతాలు ఇస్తుంది. సమీపపు వాలులలో అప్పుడే విరిగిన చరియల గుర్తులు కనిపిస్తే అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు. అడుగు వేసినప్పుడు క్రింద 'ధుమ్'మని మూగ చప్పుడు వచ్చి మంచు కుంగితే, లోపలి బలహీనపు పొర కూలినదని అర్థం. అడుగు ముందునుండి బీట పరుగెత్తితే పలక తెగడానికి సిద్ధంగా ఉన్నది. ఒక్క దినంలో ముప్పది సెంటీమీటర్లకు పైగా కొత్త మంచు పడినా, గాలి మంచును మోసుకొనివచ్చినా, ఎండ హఠాత్తుగా తీక్ష్ణమైనా ఒకటి రెండు దినాలు వాలు జోలికి పోరాదు.

తెలిసినవారు మంచులో గుంట త్రవ్వి పొరలను చదువుతారు. గుంట గోడనుండి ఒక స్తంభం కోసి, దానిపైన పార మోపి, మొదట మణికట్టు నుండి పది దెబ్బలు, పిమ్మట మోచేతి నుండి పది, కడపట భుజం నుండి పది తడతారు. ఏ దెబ్బకు ఏ పొర తెగినదో చూస్తారు. మాలరీ బృందం త్రొక్కి చూచిన పరీక్షకు ఇది శాస్త్రీయమైన వారసురాలు. ఇది కూడ ఆ ఒక్క చోటు సంగతే చెబుతుంది. తెగినచో తప్పక వెనుదిరుగుతారు. తెగకపోయినంత మాత్రాన వాలు క్షేమమని నమ్మరు.

పదిహేను నిముషాలు

ఒకడు మంచు క్రింద చిక్కుకొన్నాడనుకొందాము. చరియ ఆగిన మరుక్షణం మంచు గచ్చువలె బిగుస్తుంది. చేయి కదలదు. విడిచిన ఊపిరియే ముఖం చుట్టూ నిలిచి విషమవుతుంది. పది పదిహేను నిముషాలలో వెలికితీయగలిగితే, చరియ దెబ్బలకు చావనివారిలో నూటికి సుమారు తొంబది మంది బ్రతుకుతారు. అరగంట దాటితే నూటికి ముప్పది మంది మాత్రమే. హనుమంతప్ప వలె ఆరు దినాలు ఊపిరి నిలుపుకొనడం లోకంలో అత్యంత అరుదు.

ఊరినుండి సహాయం వచ్చేసరికి గంటలు పడుతుంది. కావున కాపాడవలసినవారు ప్రక్కన ఉన్న జతగాళ్ళే. ఇందుకు మూడు వస్తువులు కావలెను: 457 కిలోహెర్జ్ తరంగాన్ని పంపుతూ, వెదకేటప్పుడు గ్రహించే చిన్న రేడియో పరికరం, మంచులోకి గ్రుచ్చి చూచే మడతకర్ర, పార. ఒక్కటి లేకున్నా మిగిలిన రెండూ వృథా. పార లేనివాడు స్నేహితుడు ఎక్కడ ఉన్నాడో తెలిసి కూడ గోళ్ళతో త్రవ్వవలసి ఉంటుంది. అనుమానపు వాలును దాటవలసివచ్చినప్పుడు ఒకరి తరువాత ఒకరు దాటడం, మిగిలినవారు క్షేమమైన చోట నిలిచి దాటేవానిని కన్నార్పక చూస్తుండడం నియమం. గుంపుగా నడిస్తే అందరూ ఒకేసారి చిక్కుతారు, త్రవ్వేవాడు మిగలడు.

పరికరాలకంటె కష్టమైనది మనస్సు. సెలవులు అయిపోతున్నవి, డబ్బు చెల్లించినారు, శిఖరం కనుచూపు మేరలో ఉన్నది, ముందు గుంపు పోయినది, నాయకుడు ఏమీ అనలేదు. ప్రమాదాల విచారణలలో మరల మరల కనిపించే కారణాలు ఇవే. గుంపులో ఒకరికి సందేహం కలిగినా పిరికివాడంటారేమోనని నోరు మెదపరు. ఉత్తమమైన పర్వతదళాలలో మిక్కిలి చిన్నవాడు "వద్దు" అన్నా దళమంతా ఆగి విచారించాలనే మర్యాద ఉన్నది. తెలుగు ఇళ్ళలో పెద్దలమాటకు ఎదురు చెప్పడం నేర్పరు. కొండమీదికి పంపే ముందు ఇది ఒక్కటి ప్రత్యేకంగా నేర్పవలసి ఉన్నది.

ఈ విద్యలో పెద్దభాగం హిమాలయానికి పోకముందే ఊరిబడిలో సాధ్యం. పీట, పలక, రాగులు, చక్కెర, కోణమానిని ఏ పాఠశాలలోనైనా దొరుకుతవి. భూగోళం చెప్పే ఉపాధ్యాయుడు వాలును, గణితం చెప్పేవారు 250 టన్నుల లెక్కను, తెలుగు పంతులు ప్రవరుని మధ్యాహ్నాన్ని చెప్పవచ్చును. శీతకాలపు సెలవులలో ఉత్తరానికి పిల్లలను పంపే తలిదండ్రులు యాత్ర నడిపేవారిని నాలుగు ప్రశ్నలు అడగవలెను: ఆ దినపు మంచు హెచ్చరిక ఎవరు చూస్తారు? దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులు ఎక్కడ ఉన్నవి? ప్రతి పిల్లవానివద్ద రేడియో పరికరం, కర్ర, పార ఉంటవా, వాడడం ఎవరు నేర్పుతారు? మంచు బాగులేనినాడు శిఖరం ఎక్కకుండ తిరిగివచ్చిన సందర్భాలు ఎన్ని? నాలుగవ ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" అని గర్వంగా జవాబు చెప్పేవారితో పిల్లలను పంపకుండుట మంచిది.